ఇంటి పటమునకు యంత్రపరీక్ష



ఇల్లు కట్టు విధమును మీకు చెప్పుటకు నేను పూనుకొనలేదు. ఆ విద్య మీ యూరి తాపీమేస్త్రికి నాకంటె బాగుగ తెలియును. కట్టబోవు ఇంటిని ముందుగ కాగితము మీద పరీక్షించు పద్ధతి మన ప్రాంతమున ఎట్లు వచ్చినది, ఎట్లు మాఱినది, నేడది మనుష్యుని చేతినుండి యంత్రము చేతికి ఎట్లు పోయినది అనునది నేటి నా ప్రసంగ విషయము.

శ్రీకాకుళమునందును, విజయనగరమునందును స్థలము కొని ఇల్లు ప్రారంభించిన మన పిల్లల నోట ఈ నడుమ తఱచుగ వినబడు మాట యొకటి కలదు: "మన ప్లాను కంప్యూటరు తిరగ్గొట్టీసింది." విన్న పెద్దలకు నవ్వు వచ్చును, దానితో కొంత కోపమును వచ్చును. కట్టువాడు మనుష్యుడు, కాపురముండువాడు మనుష్యుడు, నడుమ కాదనుటకు యంత్రమునకేమి అధికారము? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఉత్తరము చెప్పవలెనన్న చాల వెనుకటి కాలమునుండి మొదలుపెట్టవలెను. ఏలననగా, ఇంటి కొలతలను ఒక లెక్కకు లోబఱచి, లెక్క కుదిరిన 'ఔను' అనియు, కుదరకున్న 'కాదు' అనియు చెప్పుట మనకు క్రొత్త గాదు.

మన సిద్ధాంతులు చెప్పు ఆయమును తలచుకొనుడు. ఇంటి పొడవును వెడల్పుచే గుణింతురు; వచ్చిన ఫలమును తొమ్మిదిచే గుణించి ఎనిమిదిచే భాగింతురు; మిగిలిన శేషమే ఆయము. ఒకటి మిగిలిన ధ్వజము, రెండు ధూమము, మూడు సింహము, నాలుగు శ్వానము, అయిదు వృషభము, ఆఱు ఖరము, ఏడు గజము. ఏమియు మిగులకున్న కాకము. బేసిసంఖ్య మిగిలిన మంచిది, సరిసంఖ్య మిగిలిన చెడ్డది. 21 అడుగుల వెడల్పు, 37 అడుగుల పొడవు గల ఇంటికి చూడుడు. ఫలము 777. తొమ్మిదిచే గుణించిన 6993. ఎనిమిదిచే భాగించిన ఒకటి మిగులును, ధ్వజాయము. వెడల్పును ఒక్క అడుగు పెంచి 22 చేసిన ఫలము 814 అగును, శేషము ఆఱు వచ్చును, ఖరాయము. ఒక్క అడుగుతో ధ్వజము గాడిదయైనది!

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. తొమ్మిదిచే గుణించుట వలన శేషమేమియు మాఱదు; తొమ్మిది యనగా ఎనిమిదియు ఒకటియు గదా. ఆ ఎనిమిది భాగహారమున పోవును, ఒకటి మిగులును. కావున ఊరక ఫలమునే ఎనిమిదిచే భాగించినను అదే ఆయము వచ్చును. అంతేగాదు, పూర్తి అడుగులలో కొలిచినప్పుడు పొడవు వెడల్పులు రెండును బేసిసంఖ్యలైననే గాని మంచి ఆయము రానేరదు. గుణకారము రాని మేస్త్రియైనను ఈ యొక్క గుఱుతుతో ముగ్గు పోయగలడు. ఆయమును నమ్మవలెనా మానవలెనా అను వాదమునకు నేను దిగను. దాని రూపమును మాత్రము చూపుచున్నాను: కొలతలు లోనికి పోవును, నియమమొకటి వానిమీద నడచును, తీర్పు వెలికి వచ్చును. లెక్క తెలిసినవాడెవ్వడు చేసినను తీర్పు ఒక్కటే. నేటి యంత్రము చేయుచున్నదియు ఇంతమాత్రమే. నియమములు మాత్రము వేఱు, వాని సంఖ్యయు మిక్కిలి హెచ్చు.

ఆయము గృహస్థుని మేలుకొఱకు చూచునది. ఇరుగుపొరుగుల మేలును చూచునది వేఱొకటి యుండెను. అది ఊరి కట్టుబాటు. మన రెండు జిల్లాల పాత వ్యవసాయ గ్రామములను చూచినవారికి తెలియును. ఇండ్లు విడివిడిగ నుండవు. వీధి ఈ చివరనుండి ఆ చివర వఱకు ఒకదానినొకటి ఆనుకొని, ఇరువురికి నొక ఉమ్మడిగోడ పెట్టుకొని, ముందు అరుగు, వెనుక పెరడుగా వరుసలు తీర్చియుండును. ముఖము ఇఱుకు, పొడవు ఎక్కువ. అట్టి వీధిలో ఒకడు అరుగును ముందుకు జరిపిన బండిదారి ఇఱుకగును. ఒకని చూరునీరు మఱియొకని గోడమీద పడిన తగవు పుట్టును. కాగితమేమియు లేదు, పెద్దలు నిలిచి చూచి తీర్చెడివారు. సముద్రపుటొడ్డు పల్లెలలో చుట్టిండ్లు వేసినవారు గాలిదెబ్బ తప్పించుకొనుటకు గుండ్రని గోడను, క్రిందికి దిగిన కప్పును కనిపెట్టిరి. అదియు నొక నియమమే, వ్రాయనిది.

ఈ కట్టుబాటు గెలువలేని శత్రువు అగ్ని. తాటాకు, వరిగడ్డి కప్పులు వరుసగ నున్నప్పుడు వైశాఖ జ్యేష్ఠములలో ఒక పొయ్యినిప్పు గాలికెగసిన వీధి వీధియే పోయెడిది. ప్రపంచమున ఇంటికట్టడపు చట్టములు పెక్కు చోట్ల బూడిదనుండియే పుట్టినవి. 1666లో లండను నగరము నాలుగుదినములు కాలిపోయెను. మఱుసటి యేడు 1667లో చేసిన చట్టము గోడలు ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని విధించుటయేగాక, ఇండ్లను నాలుగు తరగతులుగ విభజించెను. చిన్నసందులో రెండంతస్తులు, పేరుగల వీధిలో మూడు, రాజవీధిలో నాలుగు. ఏ తరగతికి గోడ ఎంత మందముండవలెనో అదియు నిర్ణయించెను. అనగా, వీధి యెట్టిదో చెప్పినచో ఇల్లు ఎట్లుండవలెనో చెప్పగల పట్టిక యొకటి ఏర్పడినదన్నమాట. దీనిని గుఱుతుంచుకొనుడు, మన నేటి నియమములు ఈ పట్టికకు మనుమలు. ఇంతకు చాలకాలము ముందు, క్రీస్తుపూర్వము పదునెనిమిదవ శతాబ్దమున, బాబిలోను రాజు హమ్మురాబి ఇల్లు కూలి యజమాని చచ్చినచో కట్టినవానిని చంపవలెనని శాసించెను. అది కూలిన తరువాతి న్యాయము. పట్టిక కట్టుటకు ముందే అడ్డుపడు న్యాయము.

మన ప్రాంతమున ఈ ముందుచూపు పురపాలక సంఘములతో వచ్చెను. శ్రీకాకుళమున 1856లోను, భీమునిపట్టణమున 1861లోను, విజయనగరమున 1888లోను పురపాలక సంఘములు ఏర్పడెను. తొలినాళ్లలో వాని దృష్టి వీధిదీపములు, మురుగుకాలువలు, మశూచి, కలరాల మీదనే యుండెను. మద్రాసు రాజధానిలో 1920వ సంవత్సరము ఈ విషయమున ముఖ్యమైనది. ఆ యేట జిల్లా పురపాలక చట్టమును, పట్టణ ప్రణాళికా చట్టమును రెండును వచ్చెను. పట్టణమున ఇల్లు కట్టదలచినవాడు స్థలపటమును, ఇంటిపటమును జతచేసి ముందుగ అనుమతి కోరవలెనను పద్ధతి వీనివలన స్థిరపడెను. స్వాతంత్ర్యానంతరము 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము వచ్చెను. 1978లో విశాఖపట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు విజయనగరము దాని పరిధిలో చేరెను. ఇప్పుడు శ్రీకాకుళమునకును, బొబ్బిలికిని వేఱుగ పట్టణాభివృద్ధి సంస్థలు గలవు.

పటమును చేతితో పరీక్షించిన ఆ కాలమును నేనెఱుగుదును. నక్షాదారుడు పారదర్శకమైన కాగితముపై నల్లసిరాతో గీసిన గీతలను నీలిప్రతులుగ తీసి యిచ్చెడివాడు. కార్యాలయమున ఉద్యోగి కొయ్యస్కేలు పెట్టి కొలిచి, నియమముల పుస్తకము తిరగవేసి, ఎఱ్ఱసిరాతో వ్రాసెడివాడు. నిజాయితీగల ఉద్యోగియైనను పదిపటములు చూచునప్పటికి కన్ను అలసి ఒకటి తప్పిపోవుట సహజము. నిజాయితీ లేనివాని సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. ఒకే కొలత గల ఇంటికి ఒక వీధిలో అనుమతి వచ్చుట, ప్రక్కవీధిలో రాకపోవుట మనము చూచినదే. విసిగినవారు అనుమతి లేకయే కట్టుకొనిరి. ఆ సంఖ్య యెంత పెరిగినదనగా, 2007 డిసెంబరు 31న ప్రభుత్వము అతిక్రమించి కట్టిన ఇండ్లను రుసుముతో క్రమబద్ధము చేయుటకు ఉత్తర్వు వెలువరింపవలసివచ్చెను. 2015లో మరల అట్టి పథకమే వచ్చెను. మాటిమాటికి మన్నింపవలసివచ్చిన నియమము పరీక్షించు తీరులో ఏదో లోపమున్నదని నా యభిప్రాయము.

ఇంతలో దేశాంతరములలో వేఱొక యాలోచన సాగుచుండెను. 1966లో అమెరికాయందు స్టీవెన్ ఫెన్వెస్ అను ఇంజనీరు, కట్టడపు నియమములను వాక్యములుగ గాక నిర్ణయపట్టికలుగ వ్రాసినచో వానిని గణకయంత్రముచే నడిపింపవచ్చునని చూపెను. 'ఇది ఐనచో అది, కానిచో మఱియొకటి' అను గొలుసుగ నియమమును విడదీయుటయే ఆ యుపాయము. సింగపూరు ప్రభుత్వము 1995లో కోర్‌నెట్ అను కార్యక్రమము ఆరంభించి, పటములను యంత్రమే చదివి పరీక్షించుటకు చాల ధనమును, కాలమును వెచ్చించెను. మన దేశమున పుణె నగరపు సాఫ్ట్‌టెక్ ఇంజనీర్స్ అను సంస్థవారు ఆటోడీసీఆర్ అను సాఫ్ట్‌వేరును నిర్మించిరి. అది పెక్కు నగరములలో వాడుకకు వచ్చెను. సాఫ్ట్‌వేరనగా యంత్రమునకు ముందుగ వ్రాసియిచ్చిన ఆజ్ఞావళి. తెలుగునేలను 2016వ సంవత్సరమున హైదరాబాదులోను, ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలోను ఇంటి యనుమతుల దరఖాస్తు కంప్యూటరు మూలముననే పంపు పద్ధతి ఆరంభమయ్యెను. పటమును పట్టుకొని కార్యాలయమునకు పోవు పని అంతటితో చాలవఱకు తగ్గెను. 2017 మార్చి 28న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 119వ నంబరు ఉత్తర్వుగ క్రొత్త భవననిర్మాణ నియమములను ప్రకటించెను. అంతకు ముందువి 2012 ఏప్రిలు 7 నాటివి.

ఇక యంత్రము చేయు పనిని చూతము. లైసెన్సుగల నిపుణుడు కంప్యూటరుమీద పటము గీయును. మనకు కనబడునది ఒకే పటము. యంత్రమునకు అది ఒకదానిమీదనొకటి పేర్చిన పలుచని పొరలు. స్థలపు సరిహద్దు ఒక పొర, ముందఱి దారి ఒక పొర, కట్టబోవు భాగమొక పొర, గదులు, కిటికీలు, మెట్లు, నూయి ఇట్లు దేనికదియే. ప్రతిపొరకును నిర్ణయించిన పేరుండును. పేరు తప్పినచో యంత్రము దానిని గుర్తింపదు. సరిహద్దు గీత ఎక్కడ మొదలైనదో అక్కడికే వచ్చి కలియవలెను. కలసిననే లోపలి వైశాల్యము తేలును. విజయనగరమున ఒక నక్షాదారుని గదిలో ప్రక్కన కూర్చుండి నేనీ తంతును చూచితిని. అతడు మన ప్రాంతపు ఒక పురపాలక కార్యాలయమునకు పంపిన పటము మూడుదినములలో తిరిగివచ్చెను. కారణమేమని చూడగా ప్రహరీగోడ గీత ఈశాన్యమూలను వెండ్రుకవాసి కలియలేదు. మన కంటికి అది మూల. యంత్రము కంటికి అది తెఱచిన తలుపు. సరిచేయుటకు అతనికి ఒక్క నిమిషము పట్టెను. ఆ మూడు దినములును ఇంటియజమాని మేస్త్రిని, కూలీలను ఆపి కూర్చుండబెట్టెను.

గీతలు కుదిరిన పిమ్మట లెక్క. మన పట్టణములలో వాడుకగ దొరకు స్థలమును తీసికొందము: 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అనగా 167 గజములు. మీటర్లలో 9.14, 15.24, వైశాల్యము ఇంచుమించు 139 చదరపు మీటర్లు. 2012 నాటి నియమముల పట్టిక ప్రకారము 100 మొదలు 200 చదరపు మీటర్ల వఱకు గల స్థలమునకు, ముందఱి దారి 12 మీటర్లకు మించనప్పుడు, ముందు 1.5 మీటరు, తక్కిన మూడు వైపుల ఒక్కొక్క మీటరు ఖాళీ విడువవలెను. వెడల్పులో రెండు మీటర్లు పోయి 7.14 మిగిలినది. పొడవులో రెండున్నర పోయి 12.74 మిగిలినది. ఇల్లు లేవదగిన చోటు 91 చదరపు మీటర్లు. నూటముప్పదితొమ్మిదింటిలో నలుబదియెనిమిది గాలికిని, వెలుతురునకును, నీరు దిగుటకును, అగ్నికి అడ్డుగను విడిచినట్లు. కొనువాడు స్థలమునకు ధర ఇచ్చునప్పుడు ఈ లెక్క చూచుకొనుట అరుదు. పిమ్మట యంత్రమును తిట్టును.

గదులకును కొలతలున్నవి. జాతీయ నిర్మాణ సంహిత యనునది 1970లో మొదట వెలువడి, 1983, 2005, 2016లలో సవరింపబడినది. దాని ప్రకారము కాపురమునకు గది యొక్కటే యైనచో 9.5 చదరపు మీటర్లకు తక్కువ కాగూడదు, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గగూడదు. గదులు రెండైనచో ఒకటి అంత యుండి, రెండవది 7.5 ఉండిన చాలును. మనవారు నోటివాటముగ చెప్పు 'పది బై పది' గదిని కొలిచి చూడుడు: 9.29 మాత్రమే. కనుచూపునకు సరియైన గదియే. లెక్కకు జానెడు తక్కువ. మనుష్యుడైన ఉద్యోగి దీనిని చూచీచూడనట్లు పోనిచ్చెడివాడు, యంత్రము పోనీయదు. కిటికీల విషయమునను ఇట్లే. తడియు ఉక్కయు గల సముద్రతీర ప్రాంతములలో తలుపులు గాక కిటికీల తెఱపియే గది నేలలో ఆఱవవంతు ఉండవలెనని ఆ సంహిత చెప్పుచున్నది. పొడివేడి ప్రాంతములకు పదవవంతు చాలును. కళింగపట్నము, భావనపాడు ప్రాంతములలో మే మాసమున రాత్రి గడపినవారికి ఈ ఆఱవవంతు ఎందుకో చెప్పనక్కఱలేదు.

అంకెలుగల నియమము యంత్రమునకు సులభము. 'తగినంత', 'సురక్షితమైన', 'పొరుగువారికి ఇబ్బంది లేని' అను మాటలతో వ్రాసిన నియమము దానికి లొంగదు. కావున నియమములు వ్రాయువారు క్రమక్రమముగ మాటలను విడిచి అంకెలను పట్టుకొనుచున్నారు. ఇది నాకు పూర్తిగ మంచిదనిపించదు. అంకెకు చిక్కని మంచి కొన్ని గలవు. మన వరుసయిండ్లనే చూడుడు. ఏడెనిమిది అడుగుల ముఖముతో, రెండుప్రక్కల ఉమ్మడిగోడలతో నున్న తాతగారి పెంకుటింటిని పడగొట్టి మేడ కట్టదలచినవాడు పటము పంపిన, పట్టిక మొదట చూచునది ప్రక్కల విడుపును. 50 చదరపు మీటర్ల లోపు స్థలమునకు ప్రక్కల విడుపు అక్కఱలేదని పట్టికయందే యున్నది గనుక చిన్నస్థలము గట్టెక్కును. పొడవు హెచ్చై వైశాల్యము నూఱు దాటినచో చిక్కు మొదలు. ఎనిమిదడుగులనగా రెండున్నర మీటర్లకు లోపు. రెండువైపుల మీటరేసి విడిచిన మిగులునది అరమీటరు. అందు మంచము పట్టదు, మనుష్యుడు ప్రక్కకు తిరిగి నడువవలెను. ఈ నియమము విడివిడిగ కట్టుకొను పట్టణపుటిండ్లను మనసున నుంచుకొని వ్రాసినది. వరుసవీధులకు వేఱు పట్టిక వ్రాసి యంత్రమునకిచ్చిన అదియు నమ్మకముగ పాటించును. లోపము యంత్రముది గాదు, దానికి చదువు చెప్పినవారిది. ఈ మాట పురపాలకులతో చెప్పదగినవారు మీవంటి పెద్దలే. మనవీధి ఎట్లుండునో అమరావతిలో పట్టిక వ్రాయువానికి తెలియకపోవచ్చును.

గ్రామముల సంగతియు ఒక మాట. పంచాయతీలలో స్థలవిభజనకును, ఇంటికట్టడమునకును 2002లో ప్రత్యేక నియమములు వచ్చినవి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయములు ఏర్పడినప్పుడు పట్టణపు వార్డులలో ప్రణాళికా నియంత్రణకును, గ్రామములలో ఇంజనీరింగు పనులకును వేఱుగ ఉద్యోగులను నియమించిరి. కావున పల్లెయందలి ఇల్లుగూడ కాగితపు పరీక్షకు బొత్తిగ వెలుపల నున్నదని తలంపరాదు.

యంత్రమునకు కానరానివి రెండు కలవని నా యెఱుక. మొదటిది నేల. పటమున దారి 12 మీటర్లని గీసిన దానికి 12 మీటర్లే. నేలమీద అది తొమ్మిదైనను దానికి తెలియదు. వానకాలమున పాఱి తక్కినప్పుడు ఎండియుండు గెడ్డను పటమున గీయకున్న దాని మనసున గెడ్డయే లేదు. నాగావళి పొంగినపుడు, చంపావతి పొంగినపుడు నీరు ఏ వీధికి వచ్చునో మీకు తెలియును, దానికి తెలియదు. రెండవది బలము. ఈ పరీక్ష చాలవఱకు విడుపులు, ఎత్తు, వైశాల్యము, గాలి వెలుతురులను గూర్చినది; పునాది లోతు, ఇనుము, కప్పు కట్టు ఇవి నిర్మాణ ఇంజనీరు సంతకము మీద నడచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము దగ్గఱ తీరము దాటి విజయనగరమును, శ్రీకాకుళమును అతలాకుతలము చేసినది. నాలుగేండ్ల తరువాత 2018 అక్టోబరు 11 తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున కొబ్బరి, జీడితోటలను పెల్లగించి, కప్పులను ఎగురగొట్టినది. తుపానుగాలికి తట్టుకొను చిన్నయిండ్లను గూర్చి 2004లోనే భారతీయ ప్రమాణముల సంస్థ మార్గదర్శకము నొకదానిని వెలువరించినది. కప్పును గోడకును, గోడను పునాదికిని గట్టిగ బంధింపవలెనన్నది అందలి ముఖ్యాంశము. విడుపులన్నియు సరిపోయి యంత్రముచే 'ఔను' అనిపించుకొన్న ఇంటికిని కప్పు సరిగ బిగింపకున్న తుపాను మన్నింపదు.

ఇటీవల గాలి మఱియొక దిక్కునకు తిరిగినది. తెలంగాణమున 2020లో చేసిన చట్టము ప్రకారము 75 గజముల లోపు చిన్నయింటికి అనుమతియే అక్కఱలేదు, ఒక్క రూపాయితో నమోదు చాలును. 500 చదరపు మీటర్ల వఱకు, 10 మీటర్ల ఎత్తు వఱకు యజమాని స్వీయధ్రువీకరణముతో అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించినవానికి 21 దినములు గడువు. ఆంధ్రప్రదేశమునను 2025లో స్వీయధ్రువీకరణ పథకము వచ్చినది. ఎత్తు మిక్కిలి గాని ఇండ్లకు యజమానియు, లైసెన్సుగల నిపుణుడును పటము సరియైనదని తామే పూచీపడి కట్టుకొనవచ్చును. వినుటకు హాయిగ నున్నది. కాని పూచీ ఎవరిమీద పడినదో చూడుడు. మునుపు తప్పు జరిగిన కార్యాలయపు సంతకమును చూపించి వాదించుటకు వీలుండెడిది. ఇప్పుడు సంతకము మనది. దారి వెడల్పు ఎక్కువ వ్రాసి, గెడ్డను మఱచి పంపిన పటమునకు యంత్రము తలయూపినను, తరువాత తనిఖీకి వచ్చినవాడు టేపుతో కొలిచినప్పుడు జవాబు చెప్పవలసినది మన పిల్లవాడు. అనుమతి రద్దగునను భయమొకటి, కట్టిన గోడ పడగొట్టవలసివచ్చునను భయము మఱియొకటి.

అందుచేత మీయింట ఎవరైన ఇల్లు ఆరంభించుచున్నచో రెండు పనులు చేయింపుడు. యంత్రము పటమును పరీక్షించిన పిమ్మట తనిఖీ పత్రమొకటి ఇచ్చును. అందు ప్రతియంశమునకును ఎదురుగ ఉండవలసిన కొలత, పటమునందున్న కొలత ప్రక్కప్రక్కన అచ్చువేసి యుండును. నిపుణుడు దానిని తనవద్దనే యుంచుకొనుట వాడుక. ఆ పత్రమును అడిగి పుచ్చుకొని, ఇంటి దస్తావేజులతో పాటు పెట్టెలో దాచుడు. రెండవది, పునాదికి ముగ్గు పోసిన నాడు మీరే పోయి నిలువుడు. ముందు దారి ఎంత, సరిహద్దు రాయి ఎక్కడ, గెడ్డ ఎంత దూరము, ప్రక్కలయందు విడిచినదెంత యని ఆ పత్రము చేతబట్టి టేపుతో కొలిపింపుడు. కొలత తప్పిన చోట ముగ్గు చెఱిపి మరల పోయుటకు మేస్త్రికి ఒక పూట చాలును.